గడప నుంచి గడపకు ఎంత దూరం?

అమీర్‌పేటలో ఉంటున్నామని ఎవరికైనా చెప్పామనుకోండి, ఊరి నుంచి వచ్చే చుట్టాలు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు ఎంత దూరమండీ?"

మావారిని అడిగితే "ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు" అంటారు. మా అమ్మాయిని అడిగితే ఫోనులో చూసి "యాభై రెండు నిమిషాలు" అంటుంది. నన్నడిగితే మాత్రం "ఏ టైముకి బయల్దేరతారు? సామానెంత? ఇంట్లో పని తెమిలిందా?" అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి, ఫరవాలేదు. ఈ మూడు జవాబుల్లో ఏది సరైనదో నాకు తెలిసొచ్చేసరికి జరగకూడని నష్టం జరిగిపోయింది. అలాంటిది మీకెవరికీ జరగకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

బేగంపేట రోజులు

1999లో పెళ్ళయి నేను విశాఖపట్నం నుంచి అమీర్‌పేటకు కాపురానికొచ్చాను. ధరంకరం రోడ్డు వెనక సందులో రెండు గదుల పోర్షన్. ఆరోజుల్లో ఎయిర్‌పోర్టంటే మాకు పక్కవీధి లాంటిదే. బేగంపేటలో ఉండేది కదా! సాయంత్రం బట్టలు తీయడానికి డాబా ఎక్కితే దూరంగా రెక్కలు వాల్చుకుని దిగుతున్న విమానం కనబడేది. అమ్మాయికి అన్నం పెట్టాలంటే చందమామ అక్కర్లేదు, విమానం చాలు!

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, బేగంపేట విమానాశ్రయం నిన్నా మొన్నటిది కాదు. 1930లలో నిజాం కాలంలో మొదలైంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటావాళ్ళు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు అదే స్థావరం. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అప్పుడు ఊరికి దూరంగా ఉన్నది కాస్తా, ఊరు పెరిగి పెరిగి నడిబొడ్డుకొచ్చేసింది.

నేను మొదటిసారి విమానం ఎక్కింది 2006లో, అదీ అక్కణ్ణించే. విశాఖలో మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షను. పదింటికి విమానమైతే ఎనిమిదిన్నరకి ఇంటికి తాళం వేశాం. ఆటోవాడికి "ఎయిర్‌పోర్టు" అని చెబితే, దగ్గర బేరమని విసుక్కున్నాడు కూడా! పది, పదిహేను నిమిషాల్లో దింపేశాడు. పన్నెండున్నరకల్లా పుట్టింట్లో కాళ్ళు కడుక్కున్నాను. గడప నుంచి గడపకు నాలుగు గంటలు! రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని వెళ్ళే దాన్ని, నాకదొక వింతలా ఉండేది. ఆ 'నాలుగు గంటలు' అన్న లెక్క నా బుర్రలో అలాగే పాతుకుపోయింది. అదే కొంప ముంచింది.

ఎయిర్‌పోర్టు ఊరు దాటింది

2008 మార్చి 14న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభోత్సవం జరిగింది. ప్రయాణికుల విమానాలు మార్చి 16 నుంచే అన్నారుగాని, వారం ఆలస్యమై 23 నుంచి మొదలయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చే విమానం అర్ధరాత్రి దాటి 00:25కి మొదట దిగాలని ఏర్పాటు. ఈలోగానే దేశంలో తిరిగే విమానాలు రెండు ముందొచ్చి దిగేశాయట. పెళ్ళివారికన్నా ముందు పేరంటాళ్ళు వచ్చినట్టు!

దాంతో బేగంపేటలో మామూలు ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయాయి. చాలామంది "రెండూ ఉంచొచ్చు కదా" అన్నారు. కాని కొత్త విమానాశ్రయం కట్టినవాళ్ళతో చేసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపల ప్రయాణికుల కోసం ఇంకో విమానాశ్రయం నడపకూడదని ఉంది. అందుకని బేగంపేట ఇప్పుడు పెద్ద పెద్దవాళ్ళ ప్రత్యేక విమానాలకు, శిక్షణకు, రెండేళ్ళకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు మిగిలింది.

మనకి మాత్రం ఏమైంది? ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్లు ఉన్నది ముప్ఫై అయింది. విమానం వేగం పెరగలేదు, తగ్గలేదు. ఆకాశంలో దూరమూ అంతే. మారిందల్లా నేలమీద దూరమే. చూడ్డానికి చిన్న మార్పులాగే ఉంటుంది.

నా లెక్క తప్పిన రోజు

అదే ఏడు, 2008 జూలై. పొద్దున్న తొమ్మిదింటికి అన్నయ్య ఫోను. "నాన్నగారికి బాగాలేదమ్మా, ఆస్పత్రిలో చేర్చాం. నిన్ను అడుగుతున్నారు, వచ్చెయ్" అన్నాడు. గొంతులో తేడా తెలుస్తూనే ఉంది. మావారు పరిగెత్తుకెళ్ళి మైత్రీవనం దగ్గర ట్రావెల్స్‌లో రెండు గంటల విమానానికి టికెట్ తెచ్చారు.

మరి నేనేం చేశాను? ఏడుస్తూనే కుక్కర్ పెట్టాను. ఆరేళ్ళ పిల్లకి, అత్తయ్యగారికి రెండు రోజులకి సరిపడా పప్పు, చారు, వేపుడు చేశాను. పాలవాడికి చెప్పాను. అత్తయ్యగారి మందులు పొట్లాలు కట్టి పొద్దుటివి, రాత్రివి అని రాశాను. "రెండింటికి కదా, పన్నెండింటికి బయల్దేరినా రెండు గంటలుంటుంది. బేగంపేటకైతే గంట చాలు" అనుకున్నాను. అంటే, దూరం మారిందని తెలిసి కూడా పాత లెక్కకే ఒక గంట కలిపానన్నమాట!

పన్నెండుకి కారెక్కాం. పంజగుట్ట చౌరస్తా దాటేసరికి వాన. మాసాబ్‌ట్యాంకు, మెహదీపట్నం... అప్పటికి ఆ దారిలో పెద్ద ఫ్లైఓవర్ ఇంకా స్తంభాల మీదే ఉంది. రోడ్డు మధ్యలో పని జరుగుతుంటే ఇటో లైను, అటో లైను. అత్తాపూర్ దగ్గర కారు కదలదు. వైపర్లు కొట్టుకుంటున్నాయి, నా గుండెకాయ కొట్టుకుంటోంది. మేము లోపలికి పరిగెత్తేసరికి ఒకటీ ముప్ఫై అయిదు. కౌంటరు మూసేశారు. బతిమాలాను. ఆ అమ్మాయి "సారీ మేడమ్" అనడం తప్ప ఏం చెయ్యగలదు? గాజుతలుపు అవతల, ఆ విమానం ఇంకా నేలమీదే ఉంది!

సాయంత్రం విమానంలో సీటు లేదు. వెనక్కి నాంపల్లి వచ్చి గోదావరి ఎక్కాను. రాత్రంతా కూర్చునే వెళ్ళాను. పొద్దున్న స్టేషన్లో అన్నయ్య మొహం చూడగానే అర్థమైంది. నాన్నగారు రాత్రి పదకొండింటికే వెళ్ళిపోయారు.

"సాయంత్రందాకా తెలివిగానే ఉన్నారమ్మా. గుమ్మంవంకే చూశారు" అన్నాడు అన్నయ్య. అంతకన్నా ఏమీ అనలేదు.

విమానంవాళ్ళది తప్పు కాదు. వానదీ తప్పు కాదు, రోడ్డుదీ కాదు. లెక్క నాది. కిలోమీటర్లు మారాయని తెలుసుకున్నానుగాని, గంటలు ఎన్ని మారాయో కూడుకోలేదు. ఇన్నేళ్ళయినా ఆ గుమ్మం మాట గుర్తొస్తే చేతిలో పని ఆగిపోతుంది.

వెనకనుంచి లెక్కపెట్టండి

ఆ తర్వాత నేనొక పద్ధతి అలవాటు చేసుకున్నాను. పెళ్ళికి వంటవాళ్ళు ఎలా లెక్కవేస్తారు? పన్నెండింటికి విస్తరి వెయ్యాలంటే పదకొండున్నరకి అన్నం వార్చాలి, దానికి పదిన్నరకి ఎసరు పడాలి, దానికి తొమ్మిదింటికే పొయ్యి వెలగాలి... ఇలా వెనక్కి వస్తారు కదా! ప్రయాణానికీ అంతే.

ఉదాహరణకి అమీర్‌పేట నుంచి పొద్దున్న 10 గంటల విశాఖ విమానం అనుకోండి.

10:00 - విమానం కదిలే టైము. ఇది మనది కాదు, విమానంవాళ్ళది.

9:35 - గేటు మూసే వేళ. సాధారణంగా బయల్దేరడానికి 25 నిమిషాల ముందే మూసేస్తారు.

9:00 - సామాను ఇచ్చే కౌంటరు మూసే వేళ. దేశంలో తిరిగే విమానాలకు మామూలుగా గంట ముందు. విదేశాలకైతే ఇంకా ముందే.

8:00 - మనం ఎయిర్‌పోర్టు గుమ్మంలో ఉండాల్సిన వేళ. అంటే రెండు గంటల ముందు. విదేశీ ప్రయాణమైతే మూడు గంటల ముందు.

6:30 - ఇంటి ముందు కారు కదలాల్సిన వేళ. దారికి గంటన్నర.

6:00 - "ఇంట్లోంచి బయటపడే అరగంట" మొదలు.

ఈ ఆఖరి అరగంట మగవాళ్ళ లెక్కల్లో ఉండదు, చూశారా! గ్యాసు కట్టేశామా, పెరట్లో తలుపు గడియ వేశామా, ఫ్రిజ్‌లో పాలు ఏం చెయ్యాలి, దేవుడి దగ్గర దీపం, పక్కింటావిడకి తాళంచెవి... ఇవన్నీ ఆ అరగంటలోనే. ఆయన కార్లో కూర్చుని హారన్ కొడుతుంటే మనం కంగారులో ఏదో ఒకటి మరిచిపోతాం. దాన్ని కూడా కాగితం మీద రాసి గోడకి అంటించండి. రాసి పెడితే అది మన 'ఆలస్యం' కాదు, ప్రయాణంలో భాగం!

దారికి గంటన్నర ఎందుకంటే

తెల్లవారుజామున నాలుగింటికైతే అమీర్‌పేట నుంచి శంషాబాద్‌కు ముప్పావుగంట, యాభై నిమిషాల్లో వెళ్ళిపోతాం. అదే సాయంత్రం ఆరింటికైతే గంటన్నర కూడా చాలకపోవచ్చు. వానపడితే రెండు గంటలు వేసుకోండి. కిలోమీటర్లు మాత్రం అవే!

మనకి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, పంజగుట్ట నుంచి మాసాబ్‌ట్యాంకు మీదుగా మెహదీపట్నం, అక్కణ్ణించి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ దగ్గర దిగడం. 2009 అక్టోబరు 19న మొదలైన ఈ ఫ్లైఓవర్ పొడవు 11.6 కిలోమీటర్లు. నేను స్తంభాలుగా చూసింది దీన్నే. అసలు కష్టం ఫ్లైఓవర్ మీద కాదండీ, దాన్ని చేరుకునే వరకే. పంజగుట్ట నుంచి మెహదీపట్నం దాకా ఉన్న ఆ కొద్ది దూరమే సగం టైము తినేస్తుంది.

రెండోది గచ్చిబౌలి వెళ్ళి ఔటర్ రింగు రోడ్డు ఎక్కడం. గచ్చిబౌలి - శంషాబాద్ ముక్క 2008 నవంబరులోనే తెరిచారు. ఇది చుట్టు దారి. టోలు కట్టాలి. అయినా ఎక్కాక సాఫీగా పోతుంది. కూకట్‌పల్లి, మాదాపూర్ వైపువాళ్ళకి ఇదే సుఖం. అమీర్‌పేటవాళ్ళకి మాత్రం మొదటి దారి బాగా దిగ్బంధమైనప్పుడే ఇది.

ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి ఆర్టీసీ పుష్పక్ బస్సులు మంచి ఆసరా. రాత్రీపగలూ తిరుగుతాయి. సామానుకి చోటుంటుంది. మీకు దగ్గర ఏ స్టాపులో, ఎన్నింటికి ఆగుతుందో ముందురోజే కనుక్కోండి. మరి మెట్రో? అమీర్‌పేటలో రెండు లైన్లు కలిసే పెద్ద స్టేషనే ఉంది గాని, ఎయిర్‌పోర్టుకి రైలు ఇంకా వెయ్యలేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి ఒక దారికి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం నాగోలు, ఎల్.బి. నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేరే దారి అనుకుంది.

విమానమా? రైలా?

గడప నుంచి గడపకు లెక్క వెయ్యడం మొదలుపెట్టాక నాకింకో సంగతి తెలిసింది. విమానం ప్రతిసారీ తొందరగా తీసుకెళ్ళదు!

విశాఖకు విమానం గాలిలో ఉండేది గంటంబావు. కాని 6:30కి ఇల్లు కదిలితే, పుట్టింట్లో కాలు పెట్టేది పన్నెండున్నరకి. మొత్తం ఆరు గంటలు. బేగంపేట రోజుల్లో నాలుగు అని చెప్పాను కదా! రెండు గంటలు నేలమీదే పెరిగాయి. సికింద్రాబాద్ నుంచి 2023 జనవరిలో వందే భారత్ రైలు వచ్చింది. అది విశాఖకు ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల్లో వెళుతుంది. ఇంటి నుంచి సికింద్రాబాద్‌కు మెట్రోలో వెళ్ళి, కాస్త ముందుగా ప్లాట్‌ఫారం మీద నిలబడి, అక్కడ దిగి ఇల్లు చేరేసరికి పది గంటల పైమాటే. అంటే విశాఖకైతే విమానంలో నాలుగు గంటలు కలిసొస్తాయి. అత్యవసరమైతే అదే మంచిది.

అదే విజయవాడకి చూడండి. విమానం ఎగిరేది గంట. కాని శంషాబాద్‌కు గంటన్నర, అక్కడ రెండు గంటలు, విమానంలో ఒకటి, గన్నవరంలో దిగి సామాను తీసుకుని ఊళ్ళోకి ఇంకో గంట. మొత్తం అయిదున్నర. కారులో ఇంటి ముందు ఎక్కి ఇంటి ముందు దిగినా ఇంచుమించు అంతే! డబ్బు దండగ, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి తప్ప. కాబట్టి "విమానమైతే గంటే కదా" అని ఎవరైనా అంటే, "ఆ గంటకి ముందూ వెనకా ఎంత?" అని అడగండి.

ఒక్క ఊరు, రెండు ఎయిర్‌పోర్టులు

మనకి ఒకటి మూసి ఒకటి తెరిచారు. కొన్ని ఊళ్ళకి రెండూ ఉంటాయి. అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. గోవానే తీసుకోండి. పాతది దబోలిమ్, దక్షిణాన. కొత్తది మోపా, ఉత్తరాన. అక్కడ విమానాలు 2023 జనవరిలో మొదలయ్యాయి. రెంటికీ మధ్య సుమారు 60 కిలోమీటర్లు. టికెట్ మీద 'గోవా' అని చూసి హోటల్ దక్షిణాన, విమానం ఉత్తరాన తీసుకుంటే టాక్సీకే సగం సెలవు ఖర్చు. ముంబైకి కూడా 2025 డిసెంబరు నుంచి నవీ ముంబై విమానాశ్రయం తోడైంది. కాబట్టి ఊరి పేరు కాదు, విమానాశ్రయం పేరు చదవండి.

ఇక పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లులు ఇది మరీ మరీ గుర్తుంచుకోవాలి. మా పై పోర్షన్ వదినగారికి కోడలి పురిటికి వెళ్ళాల్సొచ్చింది. "లండన్‌లో మారాలి వదినా, మధ్యలో నాలుగు గంటలుంది, చవగ్గా వచ్చింది" అని సంబరంగా కాగితం చూపించారు. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. దిగేది హీత్రూలో. ఎక్కేది గాట్విక్‌లో!

హీత్రూ లండన్‌కు పడమట, గాట్విక్ దక్షిణాన. రోడ్డు మీద రెంటి మధ్య 65 కిలోమీటర్లదాకా ఉంటుంది. మన ఔటర్ రింగు రోడ్డు లాంటి ఎం25 రోడ్డు మీదుగా బస్సులో గంట, గంటన్నర. ఆ రోడ్డు రద్దీకి పెట్టింది పేరు. ఆవిడ ముందు అక్కడి అధికారుల వరస దాటాలి. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నవి కాబట్టి సూట్‌కేసులు తనే తీసుకుని బయటికి రావాలి, బస్సు వెతుక్కోవాలి, మళ్ళీ మూడు గంటల ముందు ఇంకో కౌంటర్లో నిలబడాలి. నాలుగు గంటల్లో అవుతుందా చెప్పండి? పైగా ఇంగ్లండులో విమానాశ్రయం మారాలంటే ఆ దేశంలోకి అడుగు పెట్టినట్టే. దానికి వీసా నియమాలు వేరే ఉంటాయి!

వదినగారు కూలబడిపోయారు. అదృష్టం, ఇంకా డబ్బు కట్టలేదు. అబ్బాయికి ఫోన్ చేసి, ఒకే విమానాశ్రయంలో మారేలా, మొత్తం ఒకే టికెట్‌గా తీయించారు. ఒకే టికెట్టయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, ఇంకో విమానంలో పంపే పూచీ వాళ్ళదే. సామాను కూడా మామూలుగా చివరిదాకా వాళ్ళే చేరుస్తారు. విడివిడి టికెట్లయితే ఆ పూచీ మనదే.

పారిస్‌లోనూ ఇంతే. ఛార్లెస్ డి గాల్ ఊరికి ఉత్తరాన, ఓర్లీ దక్షిణాన. జర్మనీలో 'ఫ్రాంక్‌ఫర్ట్ హాన్' అని ఒకటుంది, పేరులోనే ఫ్రాంక్‌ఫర్ట్, ఉండేది ఆ ఊరికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో. మన హైదరాబాద్ నుంచి జడ్చర్ల దాటిపోయినంత!

టికెట్ మీది గడియారం

ఇంకో రెండు చిక్కులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, అర్ధరాత్రి తారీకు. మన ఊరి నుంచి విదేశాలకు వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రీ తెల్లవారుజామునే ఉంటాయి. 23వ తేదీ 00:25 అంటే 22వ తేదీ రాత్రే. ఇల్లు కదలాల్సింది 22 సాయంత్రం. '23 కదా' అని ఆ రోజు పొద్దున్న సామాను సర్దుకున్నవాళ్ళు లేకపోలేదు! క్యాలెండర్లో విమానం తేదీ కాదు, ఇల్లు కదిలే తేదీకి సున్నా చుట్టండి.

రెండోది, దిగే టైము. టికెట్ మీద ఎక్కే టైము మనది, దిగే టైము ఆ ఊరిది. రాత్రి 2 గంటలకి ఎక్కి పొద్దున్న 8కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతుందని రాసుంటే ఆరు గంటల ప్రయాణం అనుకోకండి. వేసవిలో వాళ్ళ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. అంటే వేసవిలో అది తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. లండన్‌కైతే వేసవిలో నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర తేడా. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ తేడా చూసుకుని, ఏ మాత్ర ఎప్పుడో డాక్టరుగారిని అడిగి రాయించుకోవాలి. ఆ మాత్రలు చేతిసంచీలోనే పెట్టుకోవాలి. ఆవకాయ, నెయ్యి మాత్రం చేతిసంచీలో వద్దు, కౌంటర్లో ఇచ్చే పెట్టెలోకే.

ఆ ఒక్క గంట

2024 ఆగస్టులో మా అమ్మాయి చదువుకోవడానికి అమెరికా వెళ్ళింది. విమానం రాత్రి 1:50కి. మూడు గంటల ముందంటే 10:50కి లోపల ఉండాలి. దారికి గంటన్నర. తొమ్మిదీ ఇరవైకి బయల్దేరితే సరిపోతుంది. నేను ఎనిమిదింటికే తాళం వేయించాను.

"అమ్మా, ఇంత ముందెందుకే? అక్కడ కూర్చుని ఏం చేస్తాం?" అంది.

దారి ఆరోజు బాగానే ఉంది. తొమ్మిదిన్నరకల్లా వెళ్ళిపోయాం. టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపరు కదా, బయటే ఒక బెంచీ మీద కూర్చున్నాం. డబ్బాలో పులిహోర తెచ్చాను, ముగ్గురం తిన్నాం. వాళ్ళ నాన్న సామాను మూడోసారి తూకం చూస్తున్నారు. అప్పుడు చెప్పాను దానికి, వాళ్ళ తాతగారి సంగతి, వాన సంగతి, మూసిన కౌంటరు సంగతి. పదహారేళ్ళలో దానికి నేనెప్పుడూ చెప్పలేదు. అది ఏమీ మాట్లాడలేదు. నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది. అంతే. ఆ గంట మాకు మిగిలింది.

పదీ నలభై అయిదుకి లోపలికెళ్ళింది. గాజుతలుపు అవతలనుంచి చెయ్యి ఊపింది. ఈసారి ఆ తలుపు దగ్గర నేను నవ్వుతూ నిలబడగలిగాను.

వదినలారా, అక్కయ్యలారా! మీ ఊరు ఏదైనా సరే, మీ ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు లెక్క, రైల్వేస్టేషన్ లెక్క ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించండి. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, వానలో ఎంత. కబురు వచ్చిన రోజున లెక్క కట్టే ఓపిక ఉండదు, కళ్ళు కనబడవు. ఆ కాగితం చూసుకుని కదలాలి. దాని కింద ఇంకో వరుస కూడా చేర్చండి: "అయినవాళ్ళ దగ్గర కూర్చోడానికి ఒక గంట".

కుక్కర్ పెట్టడం, మందులు పొట్లాలు కట్టడం ఇంకెవరైనా చేస్తారు. గుమ్మంవంక చూసేవాళ్ళ దగ్గరికి మాత్రం మనమే వెళ్ళాలి. ఏమంటారు?